కట్టె మిగిలిన పొయ్యి

గాజుల ఖాలా చనిపోయిందని ఆమె కూతురు ఫోన్ చేసినప్పుడు నేను అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు పెడుతున్నాను. "అమ్మీ పొద్దుగాల పోయింది అక్కా. నీకు చెప్పకుంటే ఊకోదు" అంది ఆ పిల్ల. పోయిన మనిషి ఊరుకోకపోవడం ఏమిటో గానీ, ఆ మాట విన్నాక నాకు ఏడుపు ఆగలేదు. పిల్లలు గుడ్లు చేత్తో పట్టుకుని తినడం మానేసి నావైపే చూస్తున్నారు. ఆయాకు వాళ్ళను అప్పజెప్పి ఇంటిదారి పట్టాను.

ఆమెకు పేరు ఉండే ఉంటుంది. నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఖాలా అంటే పిన్ని అని మా ఊళ్ళో సగం మందికి తెలియదు. అదే ఆమె పేరనుకున్నారు. ఆమెకంటే వయసులో పెద్దదైన మా అత్తమ్మ కూడా ఖాలా అనే పిలిచేది. "నీకు నేను ఖాలా ఎట్లయిత?" అని ఆమె ఒకసారి నవ్వితే, "మరి ఏమని పిలవాలె, కలెక్టర్ సాబ్ అననా?" అంది అత్తమ్మ. ఆ తర్వాత ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఇల్లు నకిరేకల్‌లో. తిరిగేది కేతేపల్లి వైపు పల్లెలన్నీ. పొట్టి మనిషి, భుజాన గాజుల మలారం. తాడుకు గాజులన్నీ గుచ్చి కట్టిన ఆ దండ ఆమెలో సగం బరువుండేది. గాజులోయ్ అని ఆమె ఏనాడూ కేక వేసి ఎరగదు. మలారం చప్పుడుకే వాకిళ్ళు తెరుచుకునేవి. గుమ్మం ముందు చెప్పులు విడిచి, వాటి ముక్కు బజారు వైపు తిప్పి పెట్టేది. "పోయేటప్పుడు ఎతుక్కోవద్దు" అనేది. నీళ్ళిస్తే సగమే తాగి, మిగతా సగం పక్కనే ఉన్న ఏ చెట్టు మొదట్లోనో పోసేది. చెట్టు లేని ఇంట్లో చెంబు పట్టుకుని అటూ ఇటూ చూసి, "ఒక్క మొక్కన్న పెట్టరాదే" అని ఆ ఇంటామెను తిట్టిపోసేది. మా వాకిట్లో ఉన్న జామచెట్టు అలా తిట్లు పడి పెట్టిందే.

చెయ్యి తీసుకుందంటే ఆమె చేతుల్లోంచి ఇక లాక్కోలేం. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మెటికలు ఒక్కొక్కటి నొక్కి, ఎముకల్ని మెల్లగా దగ్గరికి జరిపి గాజు ఎక్కించేది. ఆడవాళ్ళు నొప్పికి భయపడి చెయ్యి బిగబడతారు. బిగబట్టిన చేతికి గాజు ఎక్కదు, పగులుతుంది. అందుకని వాళ్ళ ధ్యాస మళ్ళించడానికి, "రాత్రి ఏం కలొచ్చింది బేటా?" అని అడిగేది. ఆమె కలల పని మొదలైంది అలాగే. కల చెప్పుకుంటూ ఉంటే చెయ్యి దానంతటదే మెత్తబడేది. ఈలోపు డజను గాజులు ఎక్కేసేవి.

రాను రాను గాజులకంటే కలలకే ఆమెను పిలిచేవాళ్ళు ఎక్కువయ్యారు. దానికి ఆమె పద్ధతులు ఆమెకున్నాయి. ఆఖరి గాజు ఎక్కేదాకా అర్థం చెప్పదు. ఎక్కిస్తుండగా ఒక్క గాజు చిట్లినా ఆ పూటకు ఇక నోరు విప్పదు, కాళ్ళమీద పడినా సరే. మగవాళ్ళ కలలు చూడదు. "వాళ్ళు కల జెప్పరు బేటా, గొప్పలు జెప్తరు" అనేది. కల ఎంత పెద్దదైనా మొత్తం వినేది గానీ, అర్థం మాత్రం ఒక్క ముక్కలో తేల్చేది. మా పక్కింటి ఆమె తన కలలో దున్నపోతు ఇంట్లోకొచ్చి రాత్రంతా రంకెలు పెట్టిందని చెప్పి వణికిపోతుంటే, "అది కల గాదు. నీ మొగడు గురక పెట్టిండు" అని లేచిపోయింది.

అలాగని ఎవరి మొహం చూసీ అర్థం మార్చేది కాదు. ఒకసారి సర్పంచి పోటీలో ఉన్నాయన భార్య, కలలో మొగుడి చెప్పు బావిలో పడిందని చెప్పింది. చుట్టూ ఆ పార్టీ ఆడవాళ్ళే. ఏదో ఒక మంచిమాట చెప్తే చీరె పెట్టి పంపేవాళ్ళు. ఖాలా ఆఖరి గాజు ఎక్కించి, "ఖర్చు తగ్గించుకొమ్మను" అని మలారం సర్దుకుంది. వాళ్ళు ఓడిపోయారు. ఆ ఇంటివాళ్ళు మళ్ళీ ఆమెను గడప తొక్కనివ్వలేదు. ఆమె ఆ వీధిలో తలెత్తుకునే నడిచేది, మలారం ఇంకాస్త గట్టిగా చప్పుడు చేస్తూ.

నాకు వీటి మీద నమ్మకం లేదు. పిల్లల బరువులు తూచి, బాలింతలకు మందుబిళ్ళలిచ్చే ఉద్యోగం నాది. ఆమె ఆడవాళ్ళ మనసు కనిపెట్టి మాట్లాడుతుంది, అంతే అనుకునేదాన్ని. అయినా ఆమె వస్తే పని వదిలి కూర్చునేదాన్ని. ఆమె చేతుల్లో చెయ్యి పెట్టి కూర్చోవడం నాకు ఇష్టం. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, అందుకేనేమో.

ఆరిన నిప్పు సంగతి మొదటిసారి మా జామచెట్టు కిందే వచ్చింది. ఎవరో తమ కలలో పొయ్యి ఆరిపోయిందని అడిగారు. ఖాలా గాజులు పక్కన పెట్టి మరీ చెప్పింది. "ఇంట్ల పొయ్యి ఆరుడు అంటే అందరు ఒక్కతీరుగ బయపడతరు. గట్ల గాదు. ఎవ్వలు ఆర్పిన్రో చూడాలె. వంటయినంక కట్టెలు గుంజి మనమే నీళ్ళు సల్లుతం గదా, అది మంచిదే, ఒక ఫికర్ తీరుతది. గాలికి ఆరితే ఇంట్ల మాట మాట వస్తది." ఇక్కడ ఆగింది. మా అత్తమ్మ, "దానంతటది ఆరితె?" అని అడిగింది. ఖాలా గాజుల వైపు చెయ్యి చాపింది. "కట్టె మొత్తం కాలి బూడిదై ఆరితే దాని టైము అయింది, అంతే. కట్టె మిగిలి ఉండంగనే ఆరితే మాత్రం..." అని చెయ్యి ఊపేసి ఇంకో గాజు తీసింది. మిగతాది ఆమె చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కాలాల్సింది ఇంకా ఉండగానే ఆరిపోవడం ఏమిటో అందరికీ అర్థమైంది.

ఆ తర్వాతి ఎండాకాలమే మా ఆయన జబ్బు బయటపడింది. ఆయన నకిరేకల్ నుంచి మా ఊరికి ఆటో నడుపుతాడు. ముందు ఆయాసం అన్నాడు, గ్యాసు అన్నాడు, ఆటో పొగ అన్నాడు. తర్వాత పడుకుంటే ఊపిరాడక గోడకు వీపు ఆనించి కూర్చునే నిద్రపోయేవాడు. పాదాలు వాచాయి. పట్నంలో పెద్ద దవాఖానలో చూపిస్తే గుండెలో వాల్వు ఒకటి పాడైందన్నారు. ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యం చేస్తే మందులకు లొంగదు అన్నారు. కార్డు మీద ఉచితంగా చేయించడానికి ఎన్నిసార్లో తిరిగితే ఆ వచ్చే సోమవారానికి తారీకు దొరికింది.

మా అత్తమ్మకు పట్నం దవాఖాన అంటేనే వణుకు. మా మామను కడుపునొప్పి అని తీసుకుపోతే అంబులెన్సులో గుడ్డ కప్పుకుని తిరిగొచ్చాడు. అందుకని ఆమెను ఒప్పించడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి, "సరే తియ్యి, నువ్వు చదువుకున్నదానివి" అంది. ఆ సరే అనిపించుకున్న సంతోషంలో నేను జాగ్రత్త తప్పాను.

మా దగ్గర చెడ్డ కల వస్తే ముందు మనిషికి చెప్పరు. లేవగానే నీళ్ళకు చెప్పాలి. నల్లా తిప్పి పారే నీళ్ళకు చెప్పేసి మొహం కడుక్కుంటే కల దాంతోనే పోతుందంటారు. ఇవన్నీ నేను పాటించను గదా. బుధవారం పొద్దున నిద్రమొహంతో పెరట్లోకి పోతే, అత్తమ్మ స్నానాల నీళ్ళకు కట్టెల పొయ్యి రాజేస్తోంది. వంట గ్యాసు మీదే అయినా, స్నానం నీళ్ళకు ఆమెకు ఆ మూడు రాళ్ళ పొయ్యే కావాలి. ఆ పొయ్యి చూడగానే కల గుర్తొచ్చి నోరు జారి అనేశాను.

"రాత్రి కలల గీ పొయ్యి ఆరిపోయింది అత్తమ్మా."

ఆమె చేతిలో కట్టె చేతిలోనే ఉంది. నావైపు తిరగలేదు.

"కట్టెలున్నయా పొయ్యిల?"

"సగం సగం ఉన్నయి" అన్నాను. అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు.

ఆమె ఆ కట్టెను పక్కన పెట్టి, రాజుకుంటున్న పొయ్యిని అలాగే వదిలి ఇంట్లోకి వెళ్ళిపోయింది. లోపల్నుంచి ఒకే ఒక్క మాట వినిపించింది. "పట్నం పోవుడు లేదు."

ఆ పూట నుంచి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. నేను బతిమాలాను, కోప్పడ్డాను, ఆమె అన్నలతో ఫోన్ చేయించాను. ఆమె ఎవరితోనూ వాదించలేదు. దవాఖాన కాగితాల సంచీ తీసి తన పెట్టెలో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవి మొలకు చెక్కుకుంది. మా ఆయన ఏమన్నాడు? "అమ్మ వద్దంటాంది గద, ఇంకో తారీకు తీసుకుందాం" అన్నాడు. ఆ మాట అనడానికి మధ్యలో ఊపిరి తీసుకోవలసి వచ్చింది ఆయనకు. లోలోపల భయపడి చస్తున్నాడు, అమ్మ వద్దనడం ఆయనకు సాకు దొరికినట్టయింది. నాకు ఆ ఇద్దర్నీ పట్టుకుని కొట్టాలనిపించింది.

"ఖాలాను అడుగుదం. ఆమె ఏమంటే అదే" అన్నాను అత్తమ్మతో. ఆమె తలూపింది. ఖాలా మాట తప్ప ఆమె ఇంకెవరి మాటా వినదని నాకు తెలుసు. గురువారం బస్సెక్కి నకిరేకల్ పోయాను.

ఖాలా ఇల్లు ఒకే గది. మంచం మీద గాజులు రంగులవారీగా పరిచి దారాలకు గుచ్చుతోంది. నేను నిలబడే అంతా చెప్పాను. కల చెప్పాను, పెట్టెకు తాళం వేసిన సంగతి చెప్పాను, డాక్టర్ అన్న మాటలు చెప్పాను. "రేపు వచ్చి మంచి కల అని చెప్పు ఖాలా. నీకు దండం పెడత" అన్నాను.

ఆమె గుచ్చడం ఆపలేదు.

"చిన్న గాజు తెచ్చి పెద్ద చేతికి ఎక్కియ్యను బేటా. చెయ్యి తెగుతది."

"గాజుల ముచ్చట ఎవలడిగిన్రు? ఒక్క అబద్ధం చెప్పమంటున్న."

"ఇన్నేండ్లు చెప్పలే. ఇగ నేను ఒక్కటి చెప్తే, మీ అత్త పట్టుకోదా? ఆమె నా కండ్లు చూస్తది. నువ్వు ఆమెను తక్కువ అనుకుంటున్నవు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ మాట మీద ఒక మనిషి పానం ఉన్నది. నీకు నీ పేరే ఎక్కువైంది" అన్నాను. చాలా పెద్ద మాట అది. ఆమె దారం కిందపెట్టింది. నా చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. నా వేళ్ళు వణుకుతున్నాయి. వాటిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. బయట రోడ్డు మీద లారీలు పోతున్నాయి. లేచి వస్తుంటే, "రేపు వస్త" అంది. ఏం చెప్తుందో చెప్పలేదు.

శుక్రవారం పొద్దెక్కాక వచ్చింది. ఎప్పటిలాగే చెప్పులు బజారు వైపు తిప్పి పెట్టింది. జామచెట్టు కింద చాప వేశాను. అత్తమ్మ నాకు ఎదురుగా కూర్చుంది, మా ఆయన అరుగు మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. ఖాలా ఆకుపచ్చ గాజులు తీసి నా ఎడమ చెయ్యి అందుకుంది. మామూలుగా అయితే నవ్వించేది, ఆ రోజు నవ్వించలేదు.

"పొయ్యి ఎక్కడిది?"

"మా పెరట్లది."

"నీళ్ళు పోసినట్టు తడి ఉన్నదా?"

"లేదు."

"గాలి?"

"లేదు ఖాలా."

"బూడిద ముట్టి చూసినవా?"

"చూసిన. సల్లగున్నది."

కలలో చూసింది చూసినట్టే చెప్పాను. ఎందుకో ఆమె చేతుల్లో చెయ్యి పెట్టి అబద్ధం చెప్పలేకపోయాను. గాజులు ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి. ఆఖరిది మెటిక దగ్గర ఆగింది. నేను దానివైపే చూస్తున్నాను. కొంచెం గట్టిగా నొక్కితే చిట్లుతుంది, చిట్లితే ఆమె అర్థం చెప్పక్కర్లేదు, ఈ పూటకు తప్పించుకోవచ్చు. అలా చేస్తుందేమో అనుకున్నాను. చెయ్యమని మనసులో బతిమాలుకున్నాను కూడా, కనీసం ఇంకో రోజు దొరుకుతుందని. ఆమె నా బొటనవేలు ఇంకాస్త మడిచి, మెల్లగా, పగలకుండా ఎక్కించేసింది.

"మంచి కల గాదు" అంది.

మా ఆయన తల వంచుకున్నాడు. అత్తమ్మ నావైపు చూసి, "విన్నవా?" అంది. నా కళ్ళకు అంతా మసకగా ఉంది. ఆ ముసలిదాన్ని గొంతు పిసికేయాలన్నంత కోపం వచ్చింది నాకు.

"జర ఆగు" అంది ఖాలా అత్తమ్మతో. "మా నానీ, అమ్మీవాళ్ళ అమ్మ, ఒక పని చేసేది. నేను ఎన్నడు చెయ్యలే. కలను ఒక ఇంట్ల నుంచి ఇంకో ఇంట్లకు తీసుకపోవచ్చు. ఇచ్చెటోళ్ళు ఇయ్యాలె, తీసుకునెటోళ్ళు తీసుకోవాలె. ఈ కల నాకియ్యిన్రి."

ఆమె కొంగు విప్పి ఒళ్ళో పరుచుకుంది.

"ఆ పొయ్యిలది బొగ్గు తెచ్చి ఈ కొంగుల పొయ్యాలె. ఇంటికి పెద్దది పొయ్యాలె. కోడలు పోస్తే చెల్లది."

అత్తమ్మ ఆమె మొహంలోకి చూస్తూ ఉంది. అలా చూస్తూనే అడిగింది.

"నీ ఇంట్ల ఎవరున్నరు?"

"నేనొక్కదాన్నే. బిడ్డ నారాయణపేటల ఉంటది. ఆమె పొయ్యి ఆమెకు వేరే ఉన్నది."

అత్తమ్మ లేచింది. పెరట్లోకి పోయింది. తిరిగొచ్చినప్పుడు దోసిట్లో చల్లారిన బొగ్గులు. వంగి ఖాలా కొంగులో పోసింది. ఖాలా కొంగు ముడి వేసుకుని, "తీసుకున్న" అంది. లేచి చెప్పులేసుకుని, నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. అత్తమ్మ మొలకున్న తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. చేతులకంటిన మసి కడుక్కోకుండా అలాగే కూర్చుంది.

సోమవారం ఆపరేషన్ అయింది. అద్దాల తలుపు బయట కూర్చున్న ఆ గంటల గురించి నాకు రాయాలని లేదు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడ్డాను, అంతే చెప్పగలను. ఆయన బతికాడు. కోలుకుని ఇంటికొచ్చాడు, పడుకుని నిద్రపోయాడు. ఆ నిద్ర చూస్తూ నేను పక్కనే కూర్చున్నాను.

తర్వాత ఖాలా వచ్చినప్పుడు అత్తమ్మ లేని సమయం చూసి, "మంచి ఉపాయం చేసినవు ఖాలా. మా అత్తమ్మను భలే ఒప్పిచ్చినవు" అన్నాను. ఆమె నా చేతి గాజుల మీంచి తలెత్తింది. "ఉపాయమా?" అని ఒక నవ్వు నవ్వింది. వక్కాకు నమిలి ఎర్రబడ్డ పళ్ళు. "నీళ్ళు తే" అంది. సగం తాగి సగం జామచెట్టుకు పోసింది. తెలివిగలది, ఒప్పుకోదు అనుకున్నాను.

ఆమె చాలా ఏళ్ళు బతికింది. అదే మలారం, అవే తిట్లు. మారిందల్లా మా అత్తమ్మే. అంతకుముందు ఆమెకు ఖాలా మాట మీదే గురి, మనిషి మీద ధ్యాస ఉండేది కాదు. ఆ తర్వాత మలారం చప్పుడు వినిపిస్తే చేతిలో పని వదిలి వాకిట్లోకి పరుగెత్తేది. దగ్గరికొచ్చేదాకా ఆమె నడకనే చూసేది. దగ్గితే ఎప్పటినుంచి అని అడిగేది. ఎండలో తిరగనిచ్చేది కాదు. పెరుగు, జొన్నలు, కోళ్ళు గుడ్లు పెడితే గుడ్లు, ఏదో ఒకటి కట్టి ఇచ్చేది. ఒక నెల ఖాలా రాకపోతే కొడుకును నకిరేకల్ పంపి, "మనిషిని కండ్లతోని చూసి రా" అని మరీ చెప్పింది. ఆయన వచ్చి, జ్వరం తగ్గింది, బాగానే ఉంది అని చెప్పేదాకా పొద్దుటి అన్నం ముట్టలేదు. కొడుకును కాపాడిన మనిషి గదా, ఆ మాత్రం ప్రేమ ఉంటుంది అనుకునేదాన్ని.

చనిపోయిందని నేను ఇంటికొచ్చి చెప్పినప్పుడు అత్తమ్మ బియ్యం ఏరుతోంది. చాట కిందపెట్టి, "ఎట్ల?" అంది. నిద్రలోనే అట, అన్నాను. పెద్ద వయసే గదా అన్నాను. ఆమె లేచి పెద్ద గిన్నెలో అన్నం, పప్పు వండింది. వాళ్ళలో చావైన ఇంట్లో కొన్ని రోజులు పొయ్యి ముట్టించరు, పక్కవాళ్ళే వండి తెస్తారు. ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. మా ఆయన ఆటోలో ముగ్గురం పోయాం.

మధ్యాహ్నం మగవాళ్ళు ఖాలాను తీసుకుపోయారు. మా ఆయన కూడా ఒక వైపు భుజం పట్టి సందు చివరిదాకా, అక్కణ్ణుంచి ఖబ్రస్తాన్ దాకా నడిచాడు. ఆడవాళ్ళం ఆ ఒక్క గదిలో ఉండిపోయాం. కూతురు నా పక్కన వచ్చి కూర్చుంది.

"ఇంత మంచిగ పోతదనుకోలే అక్కా. మీ ఆయన ఆప్రేషన్ అయిన ఎండాకాలం ఎంత బయపడ్డదో! నన్ను నారాయణపేట నుంచి పిలిచింది. పెట్టె తెరిచి తను పోయినంక కప్పే కఫన్ బట్ట ఏడున్నదో చూపిచ్చింది. మలారం ఎవ్వలకియ్యాలెనో చెప్పింది. నేను మల్ల పోయినంక రోజు పొద్దుగాల ఫోన్ చేసేది. 'లేచిన' అని ఒక్క మాట చెప్పి పెట్టేసేది. చాన దినాలు గట్లనే చేసింది. ఒక్కతే పండుకోనీకి బయమై పక్కింటి పిల్లను తోడు పిలుచుకునేది."

"ఎందుకు?" అన్నాను.

"ఏమైందని గట్టిగ అడిగితే అప్పుడు చెప్పింది మీ కల ముచ్చట. నేను తిట్టిన. ఇవన్ని మన దాంట్ల లేవు, మౌల్వీ సాబ్ వింటే ఏమంటడు, పరాయోళ్ళ బలా, గండం నెత్తికెందుకు తెచ్చుకున్నవు అని. ఏమన్నదో ఎర్కనా అక్కా? 'ఆ పిల్ల చెయ్యి నా చేతుల వణికింది బేటా. నేనేం చెయ్యాలె?' అన్నది."

నేను ఆ గదిలో ఆ పిల్లను పట్టుకుని ఏడ్చాను. ఇన్నేళ్ళూ అది ఒక ఉపాయం అనుకున్నాను. ఆమె నిజంగా నమ్మింది. చావును నమ్మి, దాన్ని కొంగులో కట్టుకుని, ఒంటరిగా ఇంటికి నడిచిపోయింది. నేను ఆమెకు పేరే ఎక్కువైందన్నాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో వెనక సీట్లో అత్తమ్మ, నేను. ఖాళీ గిన్నె ఆమె ఒళ్ళో ఉంది. ఇంజను చప్పుడుకు ముందున్న ఆయనకు మా మాటలు వినపడవు. కూతురు చెప్పినవన్నీ ఆమెకు చెప్పాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను.

"నాకు ఎర్కనే" అంది.

"ఏం ఎర్క?"

"అది ఉత్తగ చేస్తలేదని. కొంగు పరిచినప్పుడు ఆమె మెడ మీద చెమట చూసిన." రోడ్డువైపే చూస్తూ చెప్తోంది. "నీ ఇంట్ల ఎవరున్నరని నేను ఎందుకడిగిననుకున్నవు? ఎవ్వల మీదికి పోతదో చూసుకుంటందుకు. ఒక్కదాన్నే అన్నది. ఒక్కతే అయితే సరేనాయె అనిపిచ్చింది నాకు. గంతే అనిపిచ్చింది."

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. ఇవ్వలేదు.

"వద్దు ఖాలా అని ఒక్క మాట అనొచ్చు గద. నోట్లకెళ్ళి రాలే. నా కొడుకు బతకాలె, దానికి ఆమె పోయినా మంచిదే అనుకోని, లేచిపోయి నా చేతులతోనే బొగ్గులు తెచ్చి పోసిన. ఆమె వచ్చినప్పుడల్ల మొఖం చూస్తుంటి. ఇంక ఉన్నదని చూసినంకనే నాకు బువ్వ దిగేది. చానేండ్లు బతికి నన్ను బతకనిచ్చింది. ఒక్కనాడు కూడ నన్ను ఒక్క మాట అనలే."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఆయన అద్దంలో చూసి, ఆటో నెమ్మది చేసి, తల వెనక్కి తిప్పాడు.

"ఏమైందే అమ్మా? ఏమంటున్నవు?"

ఆమె మొహం తుడుచుకుంది. ఒళ్ళో గిన్నె సరిగ్గా పెట్టుకుంది.

"ఏం లేదు కొడుకా. పైలంగ నడుపు" అంది.